సిద్దప్ప పిలవని ఇల్లు

మా మామ సిద్దప్ప ఒకరి సొమ్ము తిన్నవాడు కాదు. తాగేవాడు కాదు, పేకాడేవాడు కాదు, ఇంట్లో ఆడవాళ్ళ మీద చెయ్యెత్తేవాడూ కాదు. ఆయనకున్న జబ్బు ఒక్కటే. దేవేంద్రప్ప నోరు తెరిచి ఏదన్నా చెప్పి, విన్న పదిమందీ నవ్వితే ఆయనకు ఆ పూట అన్నం సయించేది కాదు. దానికి పెద్ద పేర్లు అక్కర్లేదు, కుళ్ళు అంటే చాలు. కోడలినై ఉండి ఆ మాట నేనే అనడం బాగుండదని చాలా ఏళ్ళు నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఆయన లేడు, దేవేంద్రప్పా లేడు, నాకు పళ్ళు కూడా ఊడిపోయాయి. ఇంకెవరికి భయపడాలి?

నేను ఆదోని పిల్లను. పందొమ్మిది వందల ముప్పై నాలుగులో పెళ్ళయి ఎమ్మిగనూరు వచ్చాను. అప్పుడు రెండు ఊళ్ళూ బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఆదోనిలో రైలుంది, పత్తి మార్కెట్టుంది, కొండ మీద కోటుంది, ఎక్కడెక్కడి షావుకార్లో వచ్చి దిగే సత్రాలున్నాయి. ఎమ్మిగనూరులో ఏముంది? మగ్గాలున్నాయి. పొద్దున లేస్తే టకటక, పొద్దు గూకితే టకటక, వీధి పొడుగునా గంజి వాసన. వచ్చిన కొత్తలో మా ఆయన సోమప్పను, "మీ ఊర్లో సూసేదానికి ఏముందప్పా?" అని అడిగాను. "మా నాయన ఉన్నాడు గదా" అన్నాడాయన. వేళాకోళం చేస్తున్నాడనుకున్నాను. కాదని మొదటి పెళ్ళికి పోయినప్పుడు తెలిసింది.

మా నేసేవాళ్ళలో ఒక పద్ధతుంది. పెళ్ళిలో తాళి కట్టడం అయ్యాక, విస్తళ్ళు వేయకముందు, ఇంటింటికీ తాంబూలం ఇవ్వాలి. ఎవరికి బుద్ధి పుట్టినట్టు వాళ్ళు ఇచ్చేది కాదు. ఊరికి ఏ ఇల్లు ముందు వచ్చిందో దానికి మొదటి ఆకు, తర్వాత వచ్చినదానికి రెండో ఆకు. అట్లా ముప్పై ఎనిమిది ఇళ్ళు. ఒకాయన తట్ట పట్టుకుని నిలబడి ఒక్కొక్క ఇంటి పేరు పిలుస్తాడు. వాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో, వచ్చి ఊరికి ఏం చేశారో ఒక ముక్క చెబుతాడు. ఆ ఇంటి మగవాడు లేచి, పైపంచ సవరించుకుని ఆకూవక్కా అందుకుంటాడు. పేరు పిలవని ఇల్లు పంక్తిలో కూర్చోకూడదు. పనులు లేక షోలాపురం పోయి, తలుపులకు తాళాలు పడిన ఇళ్ళను కూడా మూడుసార్లు పిలిచి, వాళ్ళ ఆకు పక్కన పెట్టేవాళ్ళు. మా ఊరి చరిత్ర ఏ పుస్తకంలోనూ లేదు. ఆ వరసలో ఉంది, ఆ వరస మా మామ నోట్లో ఉంది. ఆయనకు ముందు ఆయన తండ్రి, తండ్రికి ముందు తాత పిలిచారు.

మొదటి ఇల్లు తుంగదాటు వాళ్ళు. కన్నడ దేశం నుంచి తుంగభద్ర దాటి వచ్చి మొదటి మగ్గం గుంత తవ్విన వాళ్ళు. రెండో ఇల్లు బావి వాళ్ళు. మాది తొమ్మిదోది, కోసిగి నుంచి వచ్చాం. చిట్టచివరి ముప్పై ఎనిమిదో ఇల్లు నాడెల వాళ్ళు. ధాత నామ సంవత్సరపు పెద్ద కరువులో ఆ ఇంటి పెద్ద అన్నీ అమ్ముకుని, మగ్గం మీద నూలు అటూ ఇటూ మోసే నాడె ఒక్కటి మాత్రం నడుముకు దోపుకుని మా వీధిలో గంజి కోసం నిలబడ్డాడట. మా మామ తాతే వాళ్ళను వరసలో చేర్చాడు. దేవేంద్రప్ప ఆ ఇంటి మనవడు.

మామ ఆ వరసను మగ్గం మీద వల్లె వేసేవాడు. నాడె ఒకసారి అటు పోతే ఒక ఇల్లు, ఇటు వస్తే ఇంకో ఇల్లు. ముప్పై ఎనిమిది అయ్యాక కొంచెం ఆగి, బట్ట తడిమి చూసుకుని మళ్ళీ మొదలు. నేను పక్కన రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేదాన్ని. నా చేతులు నూలు మీద ఉన్నా చెవులు ఖాళీనే కదా. రెండేళ్ళు తిరిగేసరికి నాకు వరసంతా కంఠతా వచ్చేసింది. మా ఆయనకు మాత్రం రాలేదు. ఆయనకు చొక్కా ఎక్కడ విప్పాడో కూడా గుర్తుండదు. ఒకనాడు చనువు కొద్దీ, "మామా, మీ కొడుక్కి రాకుంటే నాకన్నా నేర్పు, నేను పిల్లోళ్ళకు నేర్పిస్తా" అన్నాను.

"ఆడదాని నోట్లో ఊరి వరసా? బాగానే ఉంది" అని నవ్వాడు. కోపంగా అన్నా మరిచిపోయేదాన్నేమో. నవ్వాడు. ఆ నవ్వు నాకు చాలాకాలం గుచ్చుకుంది.

ఆయన పిలిచే తీరు గురించి ఉన్నమాట చెప్పాలి. అక్షరం తప్పేది కాదు, అక్షరం పెరిగేదీ కాదు. ఉప్పులేని పప్పు. "తుంగదాటు వాళ్ళు. శిరుగుప్ప దగ్గర నది దాటినారు. మొదటి గుంత తవ్వినారు. రాండి." అంతే. దేవేంద్రప్పది అట్లా కాదు. ఆయన మామ కన్నా పదేళ్ళు చిన్న. మనిషి నల్లగా, పొట్టిగా ఉండేవాడు కానీ గొంతు విప్పితే వీధిలో పోయే బండి ఆగేది. అరుగు మీద కూర్చుని అవే ఇళ్ళ కథలు చెప్పేవాడు. తుంగదాటు వాళ్ళ అవ్వ వరదలో నది దాటిందట. నెత్తిన బట్ట చుట్టే మగ్గం దోనె, వీపున పసిబిడ్డ. నడి ఏట్లో తోలుపుట్టి నడిపేవాడు కూలి ఇస్తేనే దాటిస్తానని పేచీ పెడితే, కట్టుకున్న చీరలో సగం చించి వాడి చేతిలో పెట్టిందట. అది చెప్పేటప్పుడు ఆయన తన పంచెను పట్టుకుని చించినట్టు చూపేవాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

మామ ఇంటికొచ్చి గంజి కుండ ముందు కూర్చుని పళ్ళు నూరేవాడు. "వరదంట, వరద! వాళ్ళు దాటింది సైత్రమాసంలో. ఏట్లో మోకాలి లోతు నీళ్ళు గూడా లేవు. మా తాత సెప్పినాడు. బిడ్డా లేదు, సీరా లేదు. ఇద్దరు అన్నదమ్ములు పంచెలు ఎగగట్టుకోని నడిసి వచ్చినారు."

"పోనీలే మామా, జనం ఇష్టపడతాండారు" అంటే నా మీదికి లేచేవాడు. "ఇష్టపడేదానికి ఇదేమన్నా బయలాట నాటకమా?" అనేవాడు. నిజం ఆయన దగ్గర ఉంది, జనం దేవేంద్రప్ప దగ్గర ఉన్నారు. ఆ మంట ఆయన కడుపులో రోజూ రగిలేది. చూస్తున్న నాకు జాలీ వేసేది, కొంచెం సంతోషం కూడా వేసేది. నన్ను చూసి నవ్వినవాడు ఏడుస్తుంటే సంతోషం ఎందుకు వేయదు?

పందొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో మా ఊళ్ళో నేతగాళ్ళ సంఘం పెట్టారు. ఆ ఏడాది బళ్ళారి నుంచి ఒక పెద్ద అధికారి వచ్చి, ఈ ఊరి నేసేవాళ్ళు ఎక్కడివాళ్ళో తెలిసిన మనిషిని పిలవమన్నాడు. మామను పిలిచారు. ఆయన చాకలి తెచ్చిన తెల్ల పంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని పోయాడు. మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాడు. ఏడో ఇంటికి వచ్చేసరికి ఆ అధికారి గడియారం చూసుకున్నాడు. పక్కనున్న దేవేంద్రప్ప, "దొరా, ఆ మొదటి ఇంటి కత ఒకటి ఇనండి" అని వరద అందుకున్నాడు. అధికారి చివరిదాకా కదల్లేదు. నవ్వాడు, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, పుస్తకం తీసి దేవేంద్రప్ప పేరు రాసుకున్నాడు. మామ పేరు అడగనే లేదు.

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరంతా నవ్వుకున్నారు. ఆ రోజు మామ మగ్గంలోకి దిగి సాయంత్రం దాకా నేశాడు, ఒక్క ఇంటి పేరూ పలకలేదు. నాడె ఒక్కటే టకటకలాడింది.

అసలు కథ నలభై ఒకటిలో జరిగింది. తుంగదాటు వాళ్ళ ఇంటి పెద్ద మల్లికార్జునయ్య కూతురు సులోచన పెళ్ళి. ఆయనే మా కులానికి పెద్ద. వాకిలి నిండా పందిరి, ఆదోని నుంచి సన్నాయి మేళం. తాళి కట్టడం అయ్యింది. మామ తట్ట పట్టుకుని నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే మగపెళ్ళివాళ్ళలో ఒకాయన, "ఏట్లో కత సెప్పే పెద్దమనిషి ఈడనే ఉన్నాడంట గదప్పా, ఒక్కసారి ఇనిపించండి" అన్నాడు. మల్లికార్జునయ్యకు అంతకన్నా ఏం కావాలి? వాళ్ళ అవ్వ గొప్ప కదా అది. "సెప్పు దేవేంద్రా" అన్నాడు.

దేవేంద్రప్ప చెప్పాడు. పుట్టివాడు పేచీ పెట్టాడు, బిడ్డ ఏడ్చింది, చీర చిరిగింది. అంతసేపూ మా మామ తట్ట పట్టుకుని ఎండలో నిలబడే ఉన్నాడు. తట్టలో ఆకులు వాడిపోయాయి. ఎవరూ ఆయనను కూర్చోమనలేదు. నేను వంటింటి తలుపు సందులోంచి చూస్తున్నాను. ఆయన మెడ నరాలు లేచి కనబడుతున్నాయి.

కథ అయ్యాక పిలుపు మొదలైంది. ఒకటి, రెండు, మూడు. ఎప్పటిలాగే, అక్షరం తప్పలేదు. ముప్పై ఏడో ఇంటిని పిలిచాడు, వాళ్ళు వచ్చి అందుకుని పోయారు. ప్రతి పేరుకూ ముందు ఆయన చిన్నగా ఒక ఊపిరి పీలుస్తాడు. మగ్గం పక్కన ఏడేళ్ళు కూర్చున్నాను, ఆ ఊపిరి నాకు తెలుసు. ముప్పై ఏడు తర్వాత ఆయన ఆ ఊపిరి పీల్చాడు. పేరు నాలుక మీదికి వచ్చింది. దేవేంద్రప్ప అప్పటికే పైపంచ సవరించుకుని కొడుకులిద్దరితో లేచి నిలబడ్డాడు. మామ వాళ్ళ వైపు ఒక్కసారి చూసి, నోరు మూసుకుని, తట్ట కింద పెట్టేశాడు.

పందిట్లో సన్నాయి కూడా ఆగిపోయింది. పిలిచేవాడు ఒక ఇంటిని కావాలని దాటేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. పిలిచినవాడి ఇంటి పేరే వరసలోంచి తీసేస్తారు. ఆ ఇంటికి పిల్లనివ్వరు, ఆ ఇంటి పిల్లను తెచ్చుకోరు. నా చంకలో ఏడాది కూతురుంది. దాన్ని ఇంకా దగ్గరికి అదుముకున్నాను. మామ మాత్రం రాయిలాగా నిలబడ్డాడు. దేవేంద్రప్ప అరుస్తాడని, తిడతాడని, పదిమందిలో తేలికవుతాడని ఆయన లెక్క. నాకు ఇప్పటికీ అదే నమ్మకం.

దేవేంద్రప్ప అరవలేదు. రెండు అడుగులు ముందుకు వచ్చి మామ భుజం పట్టుకున్నాడు. "ఎవరూ ఏమీ అనొద్దండప్పా. పెద్దాయన. ఇంతసేపు ఎండలో నిలబడినాడు, నాదే తప్పు, కత పొడుగు సేసినాను. మరిసినాడు, అంతే. అమ్మా, కాసిని మంచినీళ్ళు తీసుకోని రాండి" అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు. నేను వెతికాను, లేదు. ఆయన నిజంగానే మరిచాడనుకున్నాడు.

పందిరంతా ఊపిరి వదిలింది. "అవునవును, వయసైంది." "మా నాయన గూడా ఇట్లనే." "పాపం." ఆ చివరి మాట అప్పుడే మొదలైంది, తర్వాత ఆయనను వదల్లేదు. మామ నోరు తెరిచాడు. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. నిజం చెబితే ఇల్లు పోతుంది, చెప్పకపోతే పేరు పోతుంది. ఆయన నీళ్ళు తాగాడు. కుడితిలో పడ్డ ఎలుక అనే మాట మనిషికి ఎప్పుడు వాడాలో ఆ రోజు కళ్ళారా చూశాను.

అక్కడితో పోయిందా? మల్లికార్జునయ్య మంచి మనసుతో ఒక ఏర్పాటు చేశాడు. ఇకమీదట సిద్దప్ప పిలిచేటప్పుడు దేవేంద్రప్ప పక్కన నిలబడి అందించాలి. ఎందుకంటే వరస తెలిసిన ఇంకో మనిషి ఆయనే కదా!

ఆ నాలుగేళ్ళూ మామకు నరకం. యుద్ధం రోజులు. నూలు రేషను కార్డుల మీద ఇచ్చేవాళ్ళు, సగం మగ్గాలు మూలపడ్డాయి, పెళ్ళిళ్ళలో పప్పన్నంతో సరిపెట్టేవాళ్ళు. అయినా తాంబూలం ఆగలేదు. ప్రతి పెళ్ళిలో మామ ఊపిరి పీల్చేలోపే పక్కనుంచి మెల్లగా, "గోనెగండ్ల వాళ్ళన్నా" అని అందేది. తెలిసిన పేరునే ఇంకొకడు చెవిలో ఊదుతుంటే మనిషికి ఎట్లా ఉంటుంది? మొదటి ఏడాది దవడలు బిగించి, వినబడనట్టు పిలిచేవాడు. రెండో ఏడాది, "నాకు తెలుసు, నువ్వు ఊరకుండు" అని పదిమందిలో కసిరాడు. జనం, "పాపం, సిరాకు గూడా వచ్చింది" అన్నారు. మూడో ఏడాదికి ఆయన ఊపిరి పీల్చి ఆగేవాడు. అందేదాకా ఆగేవాడు. అది నేను మాత్రమే గమనించాను.

ఒకరోజు మధ్యాహ్నం మగ్గం మీద వల్లె వేస్తూ పదిహేడో ఇంటి దగ్గర నిలిచిపోయాడు. నాడె చేతిలో ఉంది, కదలలేదు. పక్కకు చూశాడు, అక్కడ అందించేవాడు లేడు. నా మనసు ఆగలేదు. "పద్దెనిమిది, నందవరం వాళ్ళు, మామా" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. దేవేంద్రప్పను చూసే చూపు అది. "నీకెట్ల తెలుసు?"

"పదేండ్ల నుంచి ఇంటాండాను గదా."

"ముప్పై ఎనిమిదీ తెలుసా?"

"తెలుసు."

మెచ్చుకుంటాడని ఎదురు చూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఎదురు చూశాను. ఆయన నాడె పక్కన పెట్టి, "రేపటి నుంచి నీ రాట్నం పెరట్లో పెట్టుకో. ఈడ సప్పుడు ఎక్కువైతాంది" అన్నాడు. మర్నాడు ఎండకూ గాలికీ నూలు తెగుతుంటే పెరట్లో కూర్చుని చుట్టాను. బయట ఒక దేవేంద్రప్ప చాలక ఇంట్లో నేనొకదాన్ని తయారయ్యానని ఆయన బాధ. నా బాధ వేరు. నాకు ఆ వరస కావాలి. తట్ట పట్టుకుని నిలబడనివ్వరని తెలుసు, కనీసం నాకు వచ్చు అని ఒక్క మనిషి ఒప్పుకుంటే చాలనుకున్నాను. ఆ మనిషే నన్ను పెరట్లోకి నెట్టాడు. ఆయనకు దేవేంద్రప్ప మీద కుళ్ళయితే, నాకు ఆయన మీద. కుళ్ళు ఒక్కరి సొత్తా ఏమిటి?

నలభై ఐదులో, జాతరలో తేరు లాగిన మర్నాడు, మా కులం మఠంలో అందరూ కూడారు. మామకు శాలువా కప్పి, తట్టను దేవేంద్రప్పకు అప్పగించాలని పెద్దలు అనుకున్నారు. ముందు రోజే మల్లికార్జునయ్య ఇంటికి వచ్చి, "ఇంగ సుకంగా కూసోప్పా సిద్దప్పా, మూడు తరాలు మోసినారు మీరు" అని చెప్పి పోయాడు. మామ సరేనన్నాడు. అంత తేలిగ్గా సరేనంటే నేను అప్పుడే అనుమానించాల్సింది.

శాలువా తెచ్చారు. మామ దాన్ని చేత్తో ఆపాడు. "ఒక మాట సెప్పాల" అన్నాడు. మఠంలో మగవాళ్ళు ముందు, మేం వెనక. అందరూ వింటున్నారు.

"నాలుగేండ్ల కింద సులోచన పెండ్లిలో నేను నాడెల వాళ్ళను పిలవలేదు. మరిసినానని మీరంతా అనుకున్నారు. నేను మరవలే. నా జన్మలో ఒక్క ఇల్లు మరవలే. కావాలనే పిలవలే. దేవేంద్రప్పను సూస్తే నాకు ఓర్వబుద్ధి గాదు. వాడు అబద్ధం సెప్తే మీరు ఏడుస్తారు, నేను నిజం సెప్తే నిద్రపోతారు. ఆ మంటతో సేసినాను. శాలువా వద్దు నాకు. ఏం సేస్తారో సేసుకోండి, మరిసినాడని మాత్రం అనొద్దండి."

ఆయన జీవితంలో అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు, అదే చివర. నాకు ఆ క్షణం ఆయన మీద గౌరవం పుట్టింది. ఆ వెంటనే మా పేరు పోతుందన్న భయం కూడా పుట్టింది.

ఒక్కరు నమ్మితే ఒట్టు. ఎవరో, "పాపం, పెద్ద మనసుతో నింద నెత్తినేసుకుంటాండాడు" అన్నారు. ఇంకెవరో, "ఏదేదో అంటాండాడు, నీడలో కూసోబెట్టండి" అన్నారు. దేవేంద్రప్ప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అన్నా, నన్ను గొప్ప సేయాలని నిన్ను తగ్గించుకోవద్దన్నా" అన్నాడు.

మామ చుట్టూ చూశాడు. తర్వాత ఆడవాళ్ళ వైపు తిరిగాడు. "మా కోడలు ఉంది. మగ్గం పక్కన పదేండ్లు కూసున్యాది. నా వరస దానికి ఎరుక. ఈశ్వరమ్మా, లేసి సెప్పు. నేను మరిసినానా, కావాలనే దాటేసినానా? సెప్పమ్మా."

పదేళ్ళ తర్వాత, పదిమందిలో, నాకు వరస తెలుసని ఒప్పుకున్నాడు. నేను ఆశపడింది అదే. అది ఇచ్చిన చేత్తోనే నా ఇంటిని నా నోటితో కూల్చమంటున్నాడు. నా కూతురికి అయిదేళ్ళు, పక్కన కూర్చుని జడ నములుతోంది. కావాలనే దాటేశాడని నేనంటే, ఆయన జ్ఞాపకం నిలబడుతుంది, మా పేరు వరసలోంచి పోతుంది. దాని పెళ్ళి గురించే ఆలోచించానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే, కానీ సగమే. లేచి నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది పెరట్లో తెగిన నూలు. "ఆడదాని నోట్లో ఊరి వరసా" అని నవ్విన నవ్వు. ఇప్పుడు ఆయన వరస మొత్తం నా నోట్లో ఉంది.

"మామ మరిసినాడు" అన్నాను. "ఇంట్లో గూడా మరుస్తాంటాడు. పదిహేడో ఇంటి కాడ నిలిసిపోతాడు. నేనే అందిస్తాంటాను."

మామ నా వైపు చూశాడు. ఎవరో కాళ్ళ కింద చాప లాగినట్టు అక్కడే కూర్చుండిపోయాడు. మల్లికార్జునయ్య ముందుకు వచ్చి శాలువా కప్పాడు. తట్టను దేవేంద్రప్ప చేతిలో పెట్టాడు.

దేవేంద్రప్ప తట్టను కళ్ళకు అద్దుకున్నాడు. మల్లికార్జునయ్య చెవిలో ఏదో అడిగాడు. ఆయన నవ్వి తల ఊపాడు. అప్పుడు దేవేంద్రప్ప, వీధిలో బండి ఆగే ఆ గొంతుతో పిలిచాడు. "మొదటి ఆకు మా సిద్దప్పన్న ఇంటికి! తుంగదాటు వాళ్ళు ఒప్పుకున్నారు, ఇంగ మీదట ఇదే వరస. కోసిగి వాళ్ళు, మూడు తరాలు ఈ ఊరిని నోట్లో పెట్టుకోని కాపాడినోళ్ళు. రాండి!"

చప్పట్లు మోగాయి. మామ శాలువాలోంచి తలెత్తాడు. "తప్పు" అన్నాడు. "మొదటిది తుంగదాటు వాళ్ళది. మాది తొమ్మిదోది. తొమ్మిదోదప్పా మాది."

జనం నవ్వారు. ఎగతాళిగా కాదు, ముద్దుగా, చిన్నపిల్లాడు తన వయసు తప్పు చెబితే నవ్వినట్టు. దేవేంద్రప్ప వంగి, "సరేలేన్నా, సరేలే" అని ఆకూవక్కా ఆయన చేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. అందరూ నవ్వుతుంటే నేను ఒక్కదాన్నే ఊరుకుంటే ఎవరికన్నా అనుమానం వస్తుందని నేనూ నవ్వాను.

మామ ఇంకో మూడేళ్ళు బతికాడు. మా ఇంటికి మొదటి తాంబూలం స్థిరపడిపోయింది, నా కూతురికి మంచి సంబంధం కూడా ఆ పేరు మీదే వచ్చింది. నా రాట్నం మళ్ళీ లోపలికి తెచ్చుకున్నాను, ఆయన ఏమీ అనలేదు. అసలు నాతో మాట్లాడటమే తగ్గించాడు. కానీ ఏ పెళ్ళికి తీసుకుపోయినా ఒకటే చేసేవాడు. దేవేంద్రప్ప మొట్టమొదట మా ఇంటి పేరు పిలిచి ఆకు చాపితే, చేతులు ఒళ్ళో పెట్టుకుని అట్లాగే కూర్చునేవాడు. తర్వాత ఎనిమిది ఇళ్ళవాళ్ళు వచ్చి అందుకుని పోయేదాకా, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకునేవాడు. అప్పుడు మెల్లగా లేచి, పైపంచ సవరించుకుని పోయి, తన ఆకు తీసుకునేవాడు. ఊరంతా దాన్ని కూడా మతిమరుపే అనుకున్నారు.